వైద్య పరిశోధనకు 25 లక్షలు ఇవ్వాలనుకుంటే: మిషన్ కొనాలా, మనిషిని పెట్టాలా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: బరంపురంలో బట్టల వ్యాపారం చేసిన మీ నాన్నగారు నాలుగేళ్ళు డయాలసిస్ మీద ఉండి కాలం చేశారు. ఆయన పేరిట ఇక్కడి యూనివర్సిటీకో, మెడికల్ కాలేజీకో కిడ్నీ జబ్బుల పరిశోధన కోసం 25 లక్షలు ఇద్దామనుకుంటున్నారు. అందులో సగం అమెరికాలో ఉన్న మీ అన్నయ్య పంపుతారు. మిషన్ కొనివ్వాలా, గది కట్టించాలా, ఒక ప్రొఫెసర్‌కి సాయం చేయాలా, డబ్బు పక్కదారి పట్టకుండా ఏం చేయాలి, నాన్నగారి పేరు ఎలా నిలుస్తుంది అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. మిషన్ వద్దు, గది వద్దు, బ్యాంకులో వేసి వడ్డీతో నడిపే శాశ్వత నిధి కూడా ఈ మొత్తానికి వద్దు. ఐదేళ్ళలో, ఏడాదికి 5 లక్షల చొప్పున, మొత్తం ఖర్చయిపోయేలా ఇవ్వండి. ఊళ్ళు తిరిగే మనిషి జీతానికి, పీజీ విద్యార్థుల థీసిస్ ఖర్చులకు, ప్రయాణాలకు, తర్జుమాకు, లెక్కలు చూసే స్టాటిస్టీషియన్‌కు. డబ్బు సంస్థ ఖాతాలోకి బ్యాంకు ద్వారానే వెళ్ళాలి, ఏ ప్రొఫెసర్ సొంత ఖాతాకూ వెళ్ళకూడదు. అన్నయ్యగారి డబ్బు సంగతి కింద విడిగా రాశాను. అది చదివేదాకా ఆయన్ని ఒక్క డాలరు కూడా పంపొద్దనండి.

నేను బరంపురంలోనే పుట్టి పెరిగాను, ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఒడిశా ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో కమ్యూనిటీ మెడిసిన్ 31 ఏళ్ళు చెప్పాను, అందులో చివరి తొమ్మిదేళ్ళు రీసెర్చ్ కమిటీలో ఉండి ఇలాంటి విరాళాలు వచ్చిన దగ్గర నుంచి ఖర్చయ్యేదాకా చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మిషన్ ఎందుకు వద్దంటున్నానో ఒక అనుభవం చెబుతాను. మా ప్రాంతంలో ఒక కాలేజీకి ఒక కుటుంబం మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కొనిచ్చింది. రక్తం నుంచి తీసిన సీరం ఏళ్ళ తరబడి నిల్వ ఉంచడానికి అది నిజంగా కావలసిన వస్తువే, మంచి మనసుతోనే ఇచ్చారు. కానీ దాంతోపాటు స్టెబిలైజర్ రాలేదు, ఏటా సర్వీసింగ్‌కు డబ్బు రాలేదు, కరెంటు పోతే జనరేటర్‌లో పోసే డీజిల్‌కు కాలేజీ లెక్కల్లో పద్దు లేదు. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకూ గుర్తుండే ఉంటుంది. రెండేళ్ళుగా ఊరూరా తిరిగి పోగుచేసిన శాంపిల్స్ అన్నీ కరిగి పాడైపోయాయి. ఆ సీరం ఇచ్చిన మనుషుల ముఖాలు నాకు తెలుసు, వాళ్ళకు ఏం సమాధానం చెప్పాలో తెలియలేదు. ఫ్రీజర్ ఖరీదులో పదో వంతు డీజిల్‌కీ, సర్వీసింగ్‌కీ విడిగా రాసి ఇచ్చి ఉంటే ఆ పని దక్కేది.

ఇప్పుడు శాశ్వత నిధి లెక్క చూడండి. 25 లక్షలు ఆరున్నర శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి 1,62,500, అంటే నెలకు పదమూడున్నర వేలు. జూనియర్ రీసెర్చ్ ఫెలోకు కేంద్రం ఇచ్చే స్టైపెండే 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఆ ఒక్క స్టైపెండ్ వడ్డీ మీద నడవాలంటే 70 లక్షల దాకా కావాలి, అదీ ధరలు పెరగవనుకుంటే. ఒక ప్రొఫెసర్ పదవికి శాశ్వతంగా డబ్బు ఏర్పాటు చేసే 'చైర్' పెట్టడం అయితే కోట్ల మాట. 2022లో బాగ్చీ, పార్థసారథి దంపతులు కలిసి బెంగళూరు ఐఐఎస్సీకి (భారతీయ విజ్ఞాన సంస్థకు) 425 కోట్లు ఇస్తే అక్కడ ఆసుపత్రితో కలిసిన వైద్య విద్యాలయం మొదలైంది. అంత డబ్బుకు ఆ పద్ధతి సరిపోతుంది. మన డబ్బుకు మన పద్ధతి ఉండాలి, చిన్న మొత్తం వడ్డీలో నలిగిపోవడం కంటే ఐదేళ్ళు నిండుగా పనిచేయడం మేలు.

ఏడాదికి 5 లక్షలు ఎలా పంచాలో నేనైతే ఇలా రాస్తాను. ఫీల్డ్ అసిస్టెంట్ ఒకరు, నెలకు 20,000 చొప్పున 2.4 లక్షలు. నాలుగు పీజీ థీసిస్‌లకు తలా 30,000, అంటే 1.2 లక్షలు. వాహనం, ఫారాల ప్రింటింగ్, తర్జుమా 80,000. స్టాటిస్టీషియన్‌కు 40,000. ఆడిట్, ఆఫీసు ఖర్చు 20,000. ఎండీ చదివే ప్రతి పిల్లవాడూ థీసిస్ రాయాల్సిందే కదా, ఆ కిట్ల ఖర్చు, తిరుగుడు ఖర్చు చాలామంది సొంత జేబులోంచి పెట్టుకుంటారు, అందువల్ల వార్డు దాటి వెళ్ళని, వారం రోజుల్లో తేలిపోయే అంశాలే ఎంచుకుంటారు. 30,000 చేతిలో ఉంటే అదే విద్యార్థి చికిటి గ్రామాల దాకా, పాత్రపూర్ దాకా వెళ్తాడు.

ఫీల్డ్ మనిషి మీద ఎందుకింత పట్టుపడుతున్నానంటే, కిడ్నీ జబ్బు విషయంలో అసలు కీలకం అక్కడే ఉంది. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని చెప్పాలంటే రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడపోయాల్సిన వ్యర్థం) ఒక్కసారి చూస్తే చాలదు. కిడ్నీ వడపోత సామర్థ్యం నిమిషానికి 60 మిల్లీలీటర్ల కంటే తక్కువగా ఉండటమో, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోవడమో కనీసం మూడు నెలలు కొనసాగాలి. ఎండలో జీడితోటలో పనిచేసి, నీళ్ళు సరిగా తాగక క్యాంపుకు వచ్చిన మనిషికి ఆ రోజు క్రియాటినిన్ పెరిగి కనబడవచ్చు, మళ్ళీ మామూలు కావచ్చు. మూడు నెలల తర్వాత అదే ఇంటికి, అదే మనిషి దగ్గరకు వెళ్తేనే తేలుతుంది. క్యాంపు పెట్టడానికి డబ్బిచ్చేవాళ్ళు దొరుకుతారు, బ్యానర్ ఉంటుంది, ఫొటో ఉంటుంది. రెండోసారి వెళ్ళడానికి డబ్బిచ్చేవాళ్ళే దొరకరు. మీ నాన్నగారి డబ్బు ఆ రెండోసారికి, మూడోసారికి పనికొస్తే అంతకంటే మంచి ఖర్చు నాకు కనబడటం లేదు.

ఇచ్ఛాపురం దాటితే ఉద్దానమే కదా. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల సంగతి మీకు చెప్పనక్కర్లేదు, మన బంధువుల ఇళ్ళలోనే చూశాం. అక్కడ ఎంతోమంది వచ్చి పరిశోధన చేశారు. నీళ్ళలో సిలికా అన్నారు, భారలోహాలు అన్నారు, ఎండలో చెమటోడ్చి నీళ్ళు తాగకపోవడం అన్నారు, నొప్పి మాత్రలు అన్నారు. ఇదొక్కటే కారణం అని ఇంతవరకు తేలలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం వచ్చాయి, మంచి మాటే. కానీ నేను ఆ ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఒక ముసలమ్మ నాతో అన్న మాట ఇప్పటికీ గుచ్చుతుంది: "మూడుసార్లు రక్తం తీసుకెళ్ళారు బాబూ, ఒక్కసారీ రిపోర్టు తెచ్చివ్వలేదు." మీ ఒప్పందంలో మొదటి షరతుగా ఇది రాయించండి, రక్తం ఇచ్చిన ప్రతి మనిషికీ వాళ్ళ ఫలితం కాగితం మీద, వాళ్ళ భాషలో, రెండు వారాల్లో చేరాలి అని.

భాష సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. మన సరిహద్దులో ఇది చిన్న విషయం అనుకుంటారు. గంజాం తీరంలో జాలరిపేటల్లో తెలుగే మాట్లాడతారు, గజపతి జిల్లా కొండల్లో సవర, రాయగడ వైపు కుయి. సమ్మతి పత్రం మాత్రం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. గోపాల్‌పూర్ ఒడ్డున ఒక సర్వేలో "మూత్రం నురగగా వస్తుందా?" అనే ప్రశ్నను ఒడియాలో అడిగితే ఆడవాళ్ళు సగం మంది తల అడ్డంగా ఊపారు. అదే తెలుగులో, మా టీములో ఉన్న ఆ పేట అమ్మాయే అడిగేసరికి జవాబులు మారిపోయాయి. తప్పు జవాబు మీద ఎంత పెద్ద కంప్యూటర్ పెట్టి లెక్కకట్టినా తప్పే వస్తుంది. ప్రశ్నావళిని తెలుగులోకి, సవరలోకి మార్చి, మళ్ళీ వేరే మనిషి చేత వెనక్కి తిప్పించి సరిచూడటానికి ఖర్చయ్యేది కొద్ది వేలే. ఆ కొద్ది వేలకు ప్రభుత్వ గ్రాంటులో పద్దు వెతుక్కోవడానికే నెలలు పడుతుంది.

ఇక ప్రొఫెసర్‌కి సాయం చేయాలా అన్నారు. చేయాలి, అయితే ఆయనకు కావలసింది జీతం కాదు, అది ప్రభుత్వం ఇస్తోంది. పొద్దున్నే ఓపీ, తర్వాత క్లాసు, ఆ తర్వాత పరీక్షల డ్యూటీ, ఇన్‌స్పెక్షన్ అంటే పదిరోజులు ఫైళ్ళు. రాత్రి పదింటికి కూర్చుని డేటా టైపు చేసుకున్న అధ్యాపకులు నాకు చాలామంది తెలుసు. వాళ్ళ చేతిలోని గుమస్తా పనిని ఒక మనిషి తీసుకుంటే వాళ్ళకు వారంలో ఒక పూట ఆలోచించే టైం దొరుకుతుంది. ఫలానా డాక్టర్ పేరున మాత్రం ఇవ్వకండి. ప్రభుత్వ కాలేజీలో బదిలీలు ఉంటాయి, ఇవాళ బరంపురంలో ఉన్నాయన రేపు కొరాపుట్‌లో ఉంటాడు, డబ్బు ఇక్కడ ఖాతాలో ఇరుక్కుంటుంది. డిపార్ట్‌మెంట్ పేరున ఇచ్చి, బదిలీ అయితే బాధ్యత ఎవరు తీసుకుంటారో ముందే రాయించండి.

పరిశోధన చేసే మనిషికి సరైన సమయంలో అందిన సాయం ఎంత దూరం వెళ్తుందో మన తెలుగువాళ్ళకు వేరే దేశపు కథలు అక్కర్లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు 1920ల మొదట్లో అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో చేరారు. ఆ ప్రయాణం వెనుక మామగారి సాయం ఉంది, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం ఉంది. రంగూన్‌లో సంపాదించిన డబ్బుతో ఏర్పడిన సంస్థ అది. ఇస్తున్న రోజున ఈయన ఏం కనిపెడతాడో ఎవరికీ తెలియదు. తర్వాత ఆయన నడిపిన, లెడర్లీ అనే మందుల కంపెనీ పరిశోధన విభాగంలోనే బోదకాలు పురుగు మీద పనిచేసే డైఇథైల్ కార్బమజీన్ బయటికొచ్చింది. మన గంజాం జిల్లాలో ఆశా కార్యకర్తలు బోదకాలు రాకుండా ఇంటింటికీ తెచ్చి మింగించే డీఈసీ మాత్ర అదే. కాకినాడ ధర్మసంస్థ సాయం పాతికేళ్ళ తర్వాత మందుగా మారి, మరో మూడు తరాల తర్వాత కూడా మన గడపకు వస్తోంది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

ఇంకొకటి మన కొరాపుట్ వైపుదే. జయపురం మహారాజా విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేలా ఏర్పాటు చేశారు, అక్కడి సైన్స్ కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఆ రోజుల్లో లక్ష అంటే ఎంతో ఊహించుకోండి. అయితే నేను చెప్పదలచుకున్నది ఆ 'ఏటా' అన్న మాట. ఒకేసారి భవనం కట్టి వెళ్ళిపోకుండా ప్రతి ఏడూ డబ్బు వస్తుందన్న నమ్మకం ఉంటేనే ఒక డిపార్ట్‌మెంట్ ముందుచూపుతో మనుషుల్ని తీసుకోగలదు.

ఇప్పుడు పక్కదారి పట్టకుండా ఏం చేయాలన్న ప్రశ్న. రెండు పేజీల ఒప్పందం చాలు. ఏడాది డబ్బు ఏడాదికే విడుదల చేయండి, గత ఏడాది డబ్బు దేనికి ఖర్చయిందో చూపే యుటిలైజేషన్ సర్టిఫికెట్ వచ్చాకే తర్వాతి వాయిదా. ఖర్చుల పద్దులు పైన రాసినట్టు ముందే రాయించండి, ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు 10 శాతం దాకా మార్చుకునే వీలు ఇవ్వండి, లేకపోతే చిన్నదానికీ సంతకాల కోసం తిరగాలి. విడిగా ఖాతా లేదా విడి లెడ్జర్ ఉండాలి. రిజిస్ట్రార్‌నో, డీన్‌నో కలిసి ఊరుకోకుండా ఫైనాన్స్ ఆఫీసర్ దగ్గర కూర్చుని, ఈ డబ్బు ఏ ఖాతాలో పడుతుంది, ఖర్చుకు ఎవరు సంతకం చేస్తారు, మార్చి 31కి మిగిలితే ఏమవుతుంది అని అడగండి. ఈ మూడింటికి తడుముకోకుండా జవాబు వస్తే ఆ సంస్థకు ఇవ్వవచ్చు. నేను చూసిన ఒకచోట డబ్బు తినేయలేదు, దొంగతనం జరగలేదు, కానీ పద్దు లేని కారణంగా నాలుగేళ్ళు కదలకుండా పడి ఉంది, ఇచ్చిన పెద్దాయన ఈలోపు కాలం చేశారు.

పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మనుషుల మీద ఏ పరిశోధనా మొదలవకూడదు. 2019 నిబంధనల ప్రకారం ఆ కమిటీ కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం దగ్గర రిజిస్టరై ఉండాలి. ఆ రిజిస్ట్రేషన్ కాపీ ఒకటి అడిగి మీ ఫైల్లో పెట్టుకోండి.

అంశం మీరు చెప్పవచ్చు, ఫలితం చెప్పకూడదు. ఈ మాటతో మీకు పని పడదని తెలుసు, అయినా రాయక తప్పదు. గుడాకు (పొగాకు ముద్ద) వ్యాపారంలో ఉన్న ఒకాయన నోటి క్యాన్సర్ మీద సర్వేకు డబ్బిస్తానని మా దగ్గరకు వచ్చారు. మాట్లాడుతూ మాట్లాడుతూ రిపోర్టు ముందు తనకు చూపించాలన్నారు. మా తీరంలో ఆడవాళ్ళు గుడాకు పళ్ళకు రుద్దుకుంటారు, చుట్ట నిప్పు నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ కూడా తాగుతారు, ఆ అంగిలి పుండ్లు చూసిన ఏ డాక్టరూ ఆ డబ్బు ముట్టలేడు. మేం వద్దన్నాం. ఆ ఏడాది సర్వే జరగలేదు, దానికి నాకు బాధే గాని పశ్చాత్తాపం లేదు. మీ ఒప్పందంలో ఫలితం ఏదొచ్చినా ప్రచురిస్తారని, మీరు ముందుగా చూడరని, రోగుల పేర్లు మీకు చేరవని మీరే రాయించండి. మీరు అలా రాయిస్తే ఆ డిపార్ట్‌మెంట్‌కు మీ మీద గౌరవం పదింతలవుతుంది. అలాగే 'ఉద్దానం కిడ్నీ జబ్బుకు కారణం కనిపెట్టాలి' అని అంశం బిగించవద్దు, 25 లక్షలతో అది అయ్యే పని కాదు. 'గంజాం, గజపతి జిల్లాల్లో కిడ్నీ జబ్బు, దానికి దారితీసే బీపీ, షుగర్' అని కాస్త వెడల్పుగా ఉంచండి. ఐదారొందల మందిని ఐదేళ్ళు వెంటపడి చూసిన లెక్కలు చేతిలో ఉంటే ఆ కాగితాలతోనే భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కి పెద్ద గ్రాంటు కోసం అప్లై చేయవచ్చు. ముందు కొంత పని చేసి చూపించినవాళ్ళకే అక్కడ మాట చెల్లుతుంది.

అన్నయ్యగారి డబ్బు. ఇది జాగ్రత్తగా చదవండి. ఆయన దగ్గర ఇంకా భారత పాస్‌పోర్ట్ ఉందా, అమెరికా పౌరసత్వం తీసుకున్నారా? భారత పౌరుడిగానే ఉంటే, అక్కడి సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకు రాదు. పౌరసత్వం మారితే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ఎఫ్‌సీఆర్ఏ ప్రకారం అది విదేశీ విరాళమే. అప్పుడు తీసుకునే సంస్థకు ఆ రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో, చట్టం ఇచ్చిన మినహాయింపో ఉండాలి. రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థలు కూడా ఆ డబ్బును ఢిల్లీలో స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోని ఖాతాలోనే తీసుకోవాలి, దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయడానికి 2020 సవరణ తర్వాత వీల్లేదు. కాబట్టి మధ్యలో ఏదో ట్రస్టు పెట్టి దాని ద్వారా పంపిద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆయన పాస్‌పోర్ట్ మారి, ఇక్కడి సంస్థకు అర్హత లేకపోతే, మీ వాటా పన్నెండున్నర లక్షలతోనే మొదలుపెట్టండి, రెండున్నరేళ్ళు నడుస్తుంది.

పన్ను సంగతి త్వరగా. పాత పన్ను విధానంలో ఉంటేనే మినహాయింపు, కొత్త విధానం ఎంచుకుంటే ఈ విరాళాలకు ఏమీ రాదు. పాత ఆదాయపు పన్ను చట్టంలో 80జి అనే సెక్షన్ కింద మామూలుగా ఇచ్చినదాంట్లో సగానికి, అదీ ఆదాయంలో 10 శాతం హద్దుకు లోబడి. సైంటిఫిక్ రీసెర్చ్ కోసం ప్రత్యేకంగా ఆమోదం ఉన్న యూనివర్సిటీకి ఇస్తే మొత్తానికీ వర్తిస్తుంది. ఒకప్పుడు వ్యాపారస్తులకు ఇది 175 శాతం ఉండేది, 150 అయింది, 2020 ఏప్రిల్ నుంచి 100. నగదుగా 2,000 దాటి ఇస్తే లెక్కలోకి రాదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ నంబర్లు మారాయి, అందుకని మీ ఆడిటర్‌కి సంస్థ ఆమోద పత్రం చూపించి అడగండి.

చివరగా నాన్నగారి పేరు. గోడ మీద ఇత్తడి పలక ఐదేళ్ళకు రంగు మారుతుంది, డిపార్ట్‌మెంట్ ఇంకో బ్లాకుకు మారితే అది స్టోర్ రూంకు పోతుంది, నేను చూశాను. నిధికి ఆయన పేరు పెట్టండి. ఆ నిధితో జరిగిన ప్రతి థీసిస్‌లో, ప్రతి పేపర్‌లో సాయం చేసినవారి పేరు రాయాల్సిన చోట ఆ పేరు అచ్చవుతుంది. ఊరి వాళ్ళకు ఇచ్చే రిపోర్టు కాగితం అడుగున కూడా ఒక వరుస వేయించండి, తెలుగులో ఒకటి, ఒడియాలో ఒకటి. మీ అన్నయ్యగారి పాస్‌పోర్ట్ సంగతి, మీరు ఏ సంస్థ అనుకుంటున్నారో రాస్తే ఆ రెండు పేజీల ఒప్పందం నమూనా తెలుగులో రాసి ఇక్కడే పెడతాను.